ఎండ కథ – 11: తెల్ల పొడి, రాగి చుక్క

గత భాగం నంబులపూలకుంటలో ముగిసింది. 2016లో ఎన్టీపీసీ అక్కడ 250 మెగావాట్ల సోలార్ పలకలు బిగించిన దగ్గర్నుంచి ఈ సీమలో ఎండ అంటే కరెంటు అనే లెక్క కుదిరిపోయింది. ఎకరాలకొద్దీ పలకలు, వాటి వెనక ఇన్వర్టర్లు, సబ్‌స్టేషన్, టవర్ల మీద తీగలు. కదిరి వైపు పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు కూడా ఇప్పుడు తలతిప్పి చూడరు.

ఎండ నుంచి కరెంటు తీసే బదులు ఏకంగా ఇంధనమే తీయొచ్చు కదా అన్న ఆలోచన మాత్రం ఈ పలకల కంటే వయసులో పెద్దది. సిలికాన్ సోలార్ సెల్ 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పుట్టింది. ఈ రెండో ఆలోచన 1912 నాటికే సభకెక్కింది. బొలోన్యాలో ఒక మిద్దె మీద మొదలై అలహాబాదు, వాల్తేరు, టోక్యోల మీదుగా హైదరాబాదు చేరి, అక్కణ్ణుంచి కడపకు వచ్చిన కథ ఇది. పుట్టపర్తిలో 1981లో మొదలైన సత్యసాయి విద్యాసంస్థలో రసాయన, భౌతిక శాస్త్రాలు చెబుతారు గానీ, ఈ కథకు కావలసిన ప్రయోగశాల మటుకు కదిరి, పులివెందుల దాటి కడప దాకా పోతే దొరుకుతుంది.

ముందు ఈ అనంతపురం నేల సంగతి ఒక మాట. నైరుతి వానను పడమటి కనుమలు ఆపేస్తాయి. ఈశాన్య రుతుపవనాలు తూర్పు తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి వాటి దగ్గర పెద్దగా ఏమీ మిగలదు. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్లు పడితే ఆ ఏడు బాగున్నట్టే. చిత్రావతి కర్ణాటకలో పుట్టి పుట్టపర్తి పక్క నుంచే పోతుంది; చాలా ఏళ్లు అందులో ఇసుక చూసినన్ని రోజులు నీళ్లు చూసినవాళ్లు లేరు. 1995లో సత్యసాయి తాగునీటి పథకం వచ్చి ఏడు వందలకు పైగా ఊళ్లకు నీళ్లు అందించేదాకా ఫ్లోరైడ్ నీళ్లతోనే కాలం గడిపిన పల్లెలు బోలెడు. ఇలాంటి చోట నీళ్లను చీల్చి హైడ్రోజన్ తీస్తారట అని చెప్పి చూడండి. తాగడానికే లేవు, చీల్చడానికి ఎక్కణ్ణుంచి తెస్తారు సామీ అంటారు. అడగాల్సిన మాటే. దానికి లెక్కతో సహా జవాబుంది, కాస్త ముందుకు పోయాక చూద్దాం.

జాకోమో చమీచాన్ ఇటలీలోని బొలోన్యా విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రం చెప్పేవాడు. ఆయన ప్రయోగశాల నాలుగు గోడల మధ్య కంటే మిద్దె మీదే ఎక్కువ ఉండేది. వరసగా సీసాలు, గాజు బుడ్లు ఎండలో పెట్టి, నెలల తరబడి వాటిలో ఏం మారుతోందో రాసుకునేవాడు. ఆ సీసాల మధ్య నిలబడి తీయించుకున్న ఫొటో ఇప్పటికీ రసాయన శాస్త్ర పుస్తకాల్లో కనిపిస్తుంది. 1912 సెప్టెంబరులో న్యూయార్క్‌లో అనువర్తిత రసాయన శాస్త్రజ్ఞుల అంతర్జాతీయ సభ జరిగినప్పుడు ఆయన చేసిన ప్రసంగం అప్పట్లో చాలామందికి కాలక్షేపం కబుర్లలా తోచి ఉంటుంది. బొగ్గు అంటే పాతకాలపు ఎండే; దాన్ని లెక్కాపత్రం లేకుండా తగలేస్తున్నాం; మొక్క గుట్టుగా చేసుకునే పని మనిషి కూడా నేర్చుకోవాలి అన్నాడు. పంటకు పనికిరాని ఎండు నేలల మీద గాజు గొట్టాలు, గాజు ఇళ్లు లేస్తాయనీ, పొగగొట్టం లేని పరిశ్రమలు అక్కడే వెలుస్తాయనీ ఊహించాడు. ఎండ బాగా కాసే బీద దేశాల దశ తిరుగుతుందన్న ఆశ కూడా ఆ ప్రసంగంలో ఉంది. ఆయన అనంతపురం పేరు విని ఉండడు. విని ఉంటే ఉదాహరణకు దీన్నే తీసుకునేవాడని నా నమ్మకం.

ఆ తర్వాత రెండేళ్లకే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. యుద్ధం అయ్యాక పెట్రోలు చౌకగా దొరకడం మొదలైంది. 1922లో చమీచాన్ పోయాడు. మిద్దె మీది సీసాలను పట్టించుకున్నవాళ్లు తక్కువ.

తక్కువే గానీ, లేకపోలేదు. వాళ్లలో ఒకాయన మనవాడు. అలహాబాదులో నీలరతన్ ధర్ అనే బెంగాలీ ఆచార్యుడు ఎండకూ రసాయన చర్యలకూ ఉన్న సంబంధం మీద పెద్ద బృందాన్ని నడిపేవాడు. ఆయన దగ్గర పనిచేసిన జి. గోపాలరావు తర్వాత వాల్తేరు వచ్చి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్ర విభాగానికి పేరు తెచ్చాడు. పరిమాణాత్మక విశ్లేషణలో, టైట్రేషన్లలో ఆయన పేరు తెలియని పాతతరం కెమిస్ట్రీ మాస్టారు ఉండడు. కానీ కుర్రతనంలో ఆయన చేసిన పని వేరు. 1931లో ధర్‌తో కలిసి సాయిల్ సైన్స్ పత్రికలో ఒక వ్యాసం వేశాడు. నేలలో అమ్మోనియా నైట్రేట్‌గా మారే పనిని అంతా సూక్ష్మజీవుల ఖాతాలోనే వేస్తున్నారు. ఉష్ణదేశాల్లో ఆ పనిలో ఎండకూ వాటా ఉంది, లోహ ఆక్సైడ్ల వంటి పొడులు దగ్గరుంటే ఎండ ఆ పని ఇంకా చురుగ్గా చేస్తుంది అన్నది వాళ్ల వాదన. 1941లో ధర్ ఇంకో అడుగు వేశాడు. గాలిలోని నైట్రోజన్ కూడా ఎండ తగిలిన నేలలో ఇంకుతుందన్నాడు. ఆ వ్యాసంలో ఆయనతో పాటు ఉన్న పేర్లలో ఇ.వి. శేషాచార్యులు ఒకరు.

వ్యవసాయ శాస్త్రజ్ఞులు ఒప్పుకోలేదు. సూక్ష్మజీవుల్ని పక్కకు తోసేసే వాదన వాళ్లకు నచ్చక పోవడం సహజం, కొలతల మీద కూడా అభ్యంతరాలు వచ్చాయి. అయితే విశేషం ఏమిటంటే, గత పదేళ్లలో కాంతి సాయంతో అమ్మోనియా తయారీ మీద రాసే అమెరికన్ పరిశోధకులు ధర్ వ్యాసాల్ని దుమ్ము దులిపి మళ్లీ ఉదహరిస్తున్నారు. ధర్ బృందం మాట పూర్తిగా నిజమో కాదో తేలలేదు గానీ, పొడి మీద ఎండ పడితే రసాయనం నడుస్తుంది అన్న మూలసూత్రాన్ని 1931లోనే ఒక తెలుగువాడు అచ్చులో పెట్టాడు. మన సైన్సు చరిత్రలు ఈ సంగతి పట్టించుకోకపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఇక టోక్యో. 1967లో అకిరా ఫుజిషిమా ఇంకా పీహెచ్‌డీ విద్యార్థి. గురువు కెనిచి హోండా. వాళ్ల చేతిలో ఉన్న వస్తువు టైటానియం డయాక్సైడ్ స్ఫటికం. ఈ పేరు కొత్తగా అనిపించినా సరుకు మనకు పాతదే. గోడకు కొట్టే తెల్ల పెయింట్‌లో తెలుపు అదే, టూత్‌పేస్ట్‌లో తెలుపూ అదే. భీమిలి నుంచి శ్రీకాకుళం దాకా బీచ్ ఇసుకలో నల్లగా మెరిసే ఇల్మనైట్ నుంచే దాన్ని తీస్తారు. ఫుజిషిమా ఆ స్ఫటికాన్ని నీళ్లలో ముంచి, తీగతో ఒక ప్లాటినం ముక్కకు కలిపి, స్ఫటికం మీద బలమైన వెలుగు వేశాడు. స్ఫటికం మీద బుడగలు లేచాయి, అది ఆక్సిజన్. అవతల ప్లాటినం మీద కూడా లేచాయి, అది హైడ్రోజన్. బ్యాటరీ లేదు, కరెంటు కనెక్షన్ లేదు. వెలుగు ఆపితే బుడగలు ఆగాయి. స్ఫటికం మటుకు అరగలేదు, కరగలేదు.

1972 జులైలో ఇది నేచర్ పత్రికలో రెండు పేజీల వ్యాసంగా వచ్చింది. మరుసటి ఏడాదే అరబ్బు దేశాలు చమురు సరఫరాకు అడ్డం పడి ధరలు ఆకాశానికి ఎక్కాయి. ఆ దెబ్బతో 1974 జనవరి 1న అసాహి షింబున్ దినపత్రిక ఈ సంగతిని మొదటి పేజీలో వేసింది. ఎండ, నీళ్లు, తెల్ల పొడి ఉంటే చాలు, పెట్రోలు అక్కర్లేదన్నంత ఆశ పుట్టింది. ఫుజిషిమా ఆరుబయట టైటానియం రేకులు పెట్టి అసలు ఎండలో చూశాడు. పడిన ఎండలో హైడ్రోజన్‌గా మారింది అర శాతం కూడా లేదు.

ఎందుకంత తక్కువ అన్న దగ్గరే అసలు కథ మొదలవుతుంది. దీన్ని కాస్త నిదానంగా చెప్పుకుందాం, ఎందుకంటే హైదరాబాదు, కడపల్లో జరిగిన పనంతా ఈ ప్రశ్నకు జవాబే.

టైటానియం డయాక్సైడ్ మీద వెలుగు కణం పడితే లోపలున్న ఒక ఎలక్ట్రాన్ పైమెట్టుకు ఎగురుతుంది. అది లేచిపోయిన చోట ఒక ఖాళీ మిగులుతుంది. ఎలక్ట్రాన్ పొడి రేణువు అంచుకు చేరి నీటిలోని హైడ్రోజన్ అయాన్ చేతిలో పడితే హైడ్రోజన్ వాయువు పుడుతుంది. ఖాళీ కూడా అంచుకు చేరి నీటి నుంచి ఎలక్ట్రాన్ లాక్కుంటే ఆక్సిజన్ పుడుతుంది. నీటిని చీల్చడానికి కనీసం కావలసింది 1.23 ఎలక్ట్రాన్ వోల్టులు. టైటానియం డయాక్సైడ్‌లో మెట్టు ఎత్తు 3.2 దాకా ఉంటుంది. అంటే అతినీలలోహిత కిరణం తప్ప వేరే వెలుగుకు ఆ మెట్టు ఎక్కించే సత్తువ లేదు. రోహిణి కార్తెలో మన నడినెత్తిన మాడ్చే ఎండలో అతినీలలోహితం వాటా నూటికి నాలుగైదు పాళ్లే. మిగతా తొంభై అయిదు పాళ్లూ ఈ తెల్ల పొడికి అక్కరకు రావు. అందుకే అది తెల్లగా కనిపిస్తుంది: కంటికి కనిపించే వెలుగునంతా తిప్పికొడుతుంది కాబట్టి.

అది ఒక నష్టం. రెండోది ఇంకా పెద్దది. ఎలక్ట్రాన్, ఖాళీ ఒకదానికొకటి ఆకర్షణ ఉన్నవి. వాటి దారిన వాటిని వదిలేస్తే లెక్కలోకి రానంత వేగంగా మళ్లీ కలిసిపోతాయి, పట్టిన వెలుగు కాస్తా వేడిగా పోతుంది. తుంగభద్ర నుంచి వచ్చే హెచ్చెల్సీ కాలువలో వదిలిన నీళ్లు చివరి ఆయకట్టుకు చేరేలోపల దారిలోనే ఎలా ఇంకిపోతాయో, పెద్ద రేణువు నడిబొడ్డున పుట్టిన ఎలక్ట్రాన్ గతి కూడా అంతే. కాలువ పొడుగు తగ్గించాలి. అంటే రేణువును చిన్నది చేయాలి. మీటరులో వందకోట్లో వంతు ఒక నానోమీటరు. రేణువు పది, ఇరవై నానోమీటర్లకు దిగితే ఎలక్ట్రాన్ ఎక్కడ పుట్టినా అంచు పక్కనే ఉంటుంది. పైగా అదే గ్రాము పొడికి ఉపరితలం ఎన్నో రెట్లు పెరుగుతుంది, నీళ్లు తగిలే చోటు పెరుగుతుంది.

చిన్నది చేస్తే చాలా అంటే, చాలదు. మరీ చిన్న రేణువులో ఎలక్ట్రానూ ఖాళీ ఒకే గదిలో ఇరుక్కున్నట్టు అయి మళ్లీ కలిసిపోయే అవకాశమూ ఉంటుంది. అందుకని ఆకారం మీద పడ్డారు. 1998లో జపాన్‌లో కసూగా బృందం చాలా సులువైన ఉపాయం చెప్పింది. టైటానియం డయాక్సైడ్ పొడిని గాఢమైన కాస్టిక్ సోడా ద్రావణంలో వేసి, టెఫ్లాన్ తొడుగున్న ఉక్కు పాత్రలో బిగించి, 110 డిగ్రీల దగ్గర ఒక రోజు ఉడికించి, ఆమ్లంతో, నీళ్లతో కడిగితే పొడి కాస్తా సన్నని గొట్టాలుగా మారుతుంది. గొట్టం వ్యాసం ఎనిమిది నానోమీటర్లు, పొడవు వంద. గోడ పలచన కాబట్టి అడ్డంగా అంచు దగ్గర, పొడుగునా ఎలక్ట్రాన్ పరిగెత్తడానికి దారి. ఖరీదైన యంత్రం ఏదీ అక్కర్లేదు. కాస్టిక్ సోడా, పొయ్యి, ఓపిక ఉంటే చిన్న విశ్వవిద్యాలయం కూడా చేసుకోగలదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కడప చేరేసరికి పనికొస్తుంది.

మూడో ఉపాయం, రేణువు మీద ఇంకో లోహం చుక్క పెట్టడం. ఎలక్ట్రాన్లు ఆ చుక్క మీదికి చేరి అక్కడ నిలుస్తాయి, హైడ్రోజన్ అక్కడే పుడుతుంది. ఇందుకు అన్నిటికంటే బాగా పనికొచ్చేది ప్లాటినం. అది గ్రాము వేల రూపాయల సరుకు.

ఇక ఖాళీల సంగతి చూడాలి. నీటి నుంచి ఆక్సిజన్ తీయడం ఖాళీకి కష్టమైన పని, నాలుగు ఖాళీలు కలిస్తే గానీ ఒక ఆక్సిజన్ అణువు బయటికి రాదు. ఆ పని తేలిక చేయడానికి 1980లో జపాన్ శాస్త్రజ్ఞులు కవాయి, సకతా ఒక అడ్డదారి తొక్కారు. నీళ్లలో చక్కెర, పిండి, చివరికి కాగితం గుజ్జు లాంటి సెల్యులోజ్ కలిపారు. ఖాళీలు నీటిని వదిలేసి ఆ చక్కెర మీద పడ్డాయి, అది కార్బన్ డయాక్సైడ్‌గా మారిపోయింది. ఎలక్ట్రాన్లకు పోటీ లేక హైడ్రోజన్ ధారాళంగా వచ్చింది. ఇలా ఖాళీలకు ఎరగా వేసేదాన్ని బలి పదార్థం అంటారు. అది ఉన్నప్పుడు వచ్చే హైడ్రోజన్‌ను పూర్తిగా నీళ్ల నుంచి వచ్చిందనడానికి లేదు. పేపర్లలో వచ్చే ‘నీటి నుంచి ఇంధనం’ శీర్షికల్లో చాలా ఈ ఒక్క వాక్యం మింగేసి రాసినవే.

బలి ఇవ్వడానికి చక్కెర దేనికి, వృథాగా పోయే సరుకు ఏదైనా ఉంటే సరిపోదా? ఇక్కడ మన కథ మళ్లీ తెలుగునేలకు దిగుతుంది.

2000ల తొలి ఏళ్లలో అనంతపురం మెట్ట భూముల మీద ప్రభుత్వం రెండు ఆశలు పెట్టుకుంది. ఒకటి మేఘమథనం, మబ్బుల మీద విమానంతో రసాయనం చల్లి వాన రప్పించడం. రెండోది బయోడీజిల్, కానుగ, జెట్రోఫా మొక్కలు. వర్షాభావ ప్రాంతాల కోసం రాష్ట్రంలో ప్రత్యేక శాఖే పెట్టి రెండూ దాని కిందికి తెచ్చారు. మబ్బుల సంగతి ఈ ధారావాహిక ఏడో భాగంలో చెప్పుకున్నాం. బయోడీజిల్ ఈ జిల్లాలో అనుకున్నట్టు పండలేదు. కానీ దేశమంతా ఆ గాలి వీచినప్పుడు రసాయన శాస్త్రజ్ఞులు ఒక లెక్క వేశారు: వంద కిలోల బయోడీజిల్ తీస్తే పది కిలోల దాకా గ్లిసరాల్ మిగులుతుంది. శుద్ధి చేయని గ్లిసరాల్‌కు మార్కెట్లో పెద్దగా విలువ లేదు. నీళ్లలో కలిపి ఎండలో పెడితే?

హైదరాబాదు తార్నాకలోని భారత రసాయన సాంకేతిక సంస్థ, అందరూ ఐఐసీటీ అనేది, 1944లో నిజాం కాలంలో మొదలైన ప్రయోగశాలకు ఇప్పటి రూపం. అక్కడ ఎం. సుబ్రహ్మణ్యం, వి. దుర్గాకుమారి బృందం అప్పటికే చాలా ఏళ్లుగా కాంతి ఉత్ప్రేరకాల మీద పనిచేస్తోంది. 2010లో వాళ్లు వేసిన వ్యాసం గ్లిసరాల్ కలిపిన నీటి నుంచి ఎండలో హైడ్రోజన్ తీయడం గురించి. ప్లాటినం బదులు వాళ్లు వాడింది రాగి ఆక్సైడ్. రాగి ప్లాటినం ముందు చాలా చౌకగా దొరికే లోహం. దాని ఎర్రటి ఆక్సైడ్‌కు మెట్టు ఎత్తు రెండు ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరే, కాబట్టి కంటికి కనిపించే వెలుగును కూడా పట్టగలదు. తెల్ల పొడి వదిలేసిన తొంభై అయిదు పాళ్లలో కొంత ఈ రాగి అందుకుంటుంది. ఆ వెలుగుతో తనలో పైకెగిరిన ఎలక్ట్రాన్‌ను తెల్ల పొడికి అందిస్తుంది. ఖాళీ ఇటు, ఎలక్ట్రాన్ అటు, మధ్యలో రెండు పదార్థాల సరిహద్దు. కలిసిపోయే ప్రమాదం తగ్గింది.

అక్కణ్ణుంచి ఈ పని కడప చేరింది. యోగి వేమన విశ్వవిద్యాలయం 2006లో పుట్టింది. కొత్త విశ్వవిద్యాలయం, కొత్తగా పెట్టిన మెటీరియల్స్ సైన్స్ అండ్ నానోటెక్నాలజీ విభాగం. అక్కడ ఎం.వి. శంకర్ నానో ఉత్ప్రేరకాలు, సౌర ఇంధనాల ప్రయోగశాల నడిపాడు. కసూగా పద్ధతిలో టైటానియం డయాక్సైడ్ గొట్టాలు తయారుచేసి, వాటి మీద రాగి ఆక్సైడ్‌ను అయిదారు నానోమీటర్ల కంటే పెద్దవి కాని చుక్కలుగా అంటించడం మీద ఆ బృందం పట్టు సాధించింది. 2013లో కడప, హైదరాబాదు వాళ్లు కలిసి కెమికల్ కమ్యూనికేషన్స్ పత్రికలో వేసిన వ్యాసం ఈ రంగంలో బాగా ఉదహరించే వాటిలో ఒకటి. రాగి చుక్క పెద్దదైతే ఫలితం పడిపోతుంది, చిన్నదైతే లేస్తుంది అన్నదే దాని సారం.

ప్రయోగం ఎలా ఉంటుందంటే, ముందు క్వార్ట్జ్ గాజు పాత్ర. మామూలు గాజు అతినీలలోహితంలో కొంత భాగాన్ని ఆపేస్తుంది కాబట్టి క్వార్ట్జ్ వాడతారు. అందులో యాభై మిల్లీలీటర్ల నీళ్లు, నూటికి అయిదు వంతుల గ్లిసరాల్. దాంట్లో చిటికెడు కూడా కాదు, కొద్ది మిల్లీగ్రాముల పొడి. రబ్బరు బిరడా బిగించి, లోపలి గాలిని తోడేసి నైట్రోజన్ నింపుతారు; ఆక్సిజన్ ఉంటే అది ఎలక్ట్రాన్లను మధ్యలోనే ఎత్తుకుపోతుంది. తర్వాత పాత్రను ఆరుబయట ఎండలో పెట్టి అడుగున అయస్కాంతం ముక్కతో కలియబెడుతూ ఉంటారు. పొడి రంగు మారుతుంది: రాగి ఎలక్ట్రాన్లు అందుకుని తన రూపం మార్చుకుంటోందన్న గుర్తు. గంటకోసారి బిరడాలోంచి సూదితో కాస్త వాయువు లాగి, గ్యాస్ క్రోమటోగ్రాఫ్‌లోకి ఎక్కిస్తారు. తెర మీద హైడ్రోజన్ శిఖరం లేస్తుంది. చాలా దేశాల్లో ఈ పనికి జెనాన్ దీపం కొని, ఎండను నకలు చేస్తారు. కడపలో ఆ ఖర్చు అక్కర్లేదు. కడప ఎండ సంగతి చెప్పేదేముంది.

ఫలితం గంటకు గ్రాము పొడికి లక్ష మైక్రోమోల్‌ల దరిదాపు. వినడానికి పెద్ద అంకె. విడదీసి చూద్దాం. లక్ష మైక్రోమోల్‌లు అంటే మోల్‌లో పదో వంతు, మన గది వేడిమి దగ్గర రెండున్నర లీటర్ల లోపు వాయువు. దాన్ని పూర్తిగా మండిస్తే వచ్చే శక్తితో ఎనిమిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు గంటసేపు వెలుగుతుంది. అది కూడా గ్రాము పొడికి. వాడింది మిల్లీగ్రాములే కదా, పొడి రెట్టింపు చేస్తే హైడ్రోజన్ రెట్టింపు కాదు. ముందున్న రేణువులు వెనకవాటికి నీడ వేస్తాయి. గ్రాముకు ఇంత అని రాయడం ఈ రంగమంతటా ఉన్న ఆనవాయితీ, కడపవాళ్లు కొత్తగా తెచ్చింది కాదు. చదివేవాళ్లు మాత్రం పడిన ఎండలో ఎంత శాతం హైడ్రోజన్‌గా మారింది అని అడగాలి. ఆ అంకె వ్యాసంలో లేకపోతే మిగతా అంకెలకు అంతగా మురిసిపోనక్కర్లేదు.

అయినా ఈ పనిని నేను తేలిగ్గా తీసుకోను. ప్లాటినం వాడితే ఫలితం ఎవరికైనా వస్తుంది. రాగితో, కాస్టిక్ సోడాతో, బయోడీజిల్ కంపెనీ పారబోసే గ్లిసరాల్‌తో చేయడం అన్నది ఎక్కడ నిలబడి చేస్తున్నామో తెలిసినవాళ్లు పన్నిన ఉపాయం. ఇదే కాలంలో బెంగళూరులో సి.ఎన్.ఆర్. రావు, ఎ. గోవిందరాజ్ బృందం కూడా ప్లాటినం వదిలేసి, పొరలు పొరలుగా విడదీసిన మాలిబ్డినం సల్ఫైడ్‌తో హైడ్రోజన్ తీసింది. దక్షిణాదిలో ఈ కొన్ని వందల కిలోమీటర్ల పరిధిలో చౌక లోహం కోసం వెతుకులాట అందరిదీ.

బలి పదార్థం లేకుండా, ఉత్త నీళ్లతో ఎంతదాకా వచ్చారు? 2021లో టోక్యో విశ్వవిద్యాలయంలో కజునారి డోమెన్ బృందం వంద చదరపు మీటర్ల మేర 1,600 చిన్న పలకలు పరిచి, స్ట్రాన్షియం టైటనేట్ పొడి పూసి, నెలల తరబడి నడిపింది. అందిన గరిష్ఠం 0.76 శాతం. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసే బయటికి వస్తాయి, ఆ మిశ్రమం నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. దాన్ని గొట్టాల్లో జాగ్రత్తగా లాగి, పల్చటి పాలిమర్ పొరతో వేరుచేశారు. 2023 జనవరిలో మిచిగన్ విశ్వవిద్యాలయంలో జెటియన్ మీ బృందం ఇండియం గాలియం నైట్రైడ్ నానోతీగలతో, భూతద్దంలా ఎండను కుదించి, 9.2 శాతం సాధించింది. అది ప్రయోగశాలలో; ఆరుబయట ఎండలో 6.2. ఇండియం, గాలియం చౌకవి కావు.

ఇప్పుడు నీళ్ల లెక్క. కిలో హైడ్రోజన్‌కు తొమ్మిది లీటర్ల నీళ్లు, రసాయన సమీకరణం చెప్పేది ఇంతే. పుట్టపర్తి చుట్టుపక్కల చదరపు మీటరు మీద రోజుకు అయిదున్నర యూనిట్ల ఎండ పడుతుందనుకుందాం. ఎకరం నిండా డోమెన్ పలకలు పరిచి, 0.76 శాతం రోజంతా నిలిచిందనుకుంటే రోజుకు అయిదు కిలోల హైడ్రోజన్ వస్తుంది. ఇంటి గ్యాస్ బండలో ఉండే శక్తి కంటే కాస్త తక్కువ. దానికి తినే నీళ్లు 46 లీటర్లు, మూడు బిందెలు. సామర్థ్యం పది శాతానికి ఎక్కినా ఆరు వందల లీటర్లు. అదే ఎకరంలో వేరుశనగ వేస్తే అర మీటరు నీరు కావాలి, అంటే పంటకాలం మొత్తానికి ఇరవై లక్షల లీటర్లు, రోజుకు సుమారు 18 వేలు. కాబట్టి నీళ్లు లేని చోట నీళ్లు చీల్చడమా అన్నవాళ్లకు జవాబు: ఇందులో నీళ్ల ఖర్చు పంట ఖర్చు ముందు లెక్కలోకి రాదు. నీళ్లు శుద్ధి చేయడానికి, పలకల మీద దుమ్ము కడగడానికి అదనంగా పట్టేవి వేరు. ఫ్లోరైడ్, ఉప్పు నీళ్లు అలాగే పోస్తే ఉత్ప్రేరకం పాడయ్యే ప్రమాదం ఉంది.

ఈ దారి ఇంకా ఊళ్లోకి రాకపోవడానికి కారణం నీళ్లు కాదని తేలింది కదా, మరేమిటి అంటే పక్కనే ఉన్న నంబులపూలకుంట. అంతే వైశాల్యంలో మామూలు సోలార్ పలకలు ఉంటే ఎండలో ఇరవై శాతం కరెంటు అవుతుంది. ఆ కరెంటుతో నీళ్లను చీల్చే ఎలక్ట్రోలైజర్ నడిపితే కిలో హైడ్రోజన్‌కు యాభై పైచిలుకు యూనిట్లు ఖర్చు. లెక్క కడితే ఎకరం పలకలకు రోజుకు 80 కిలోలు దాటుతుంది. అటు అయిదు, ఇటు ఎనభై. పొడి దారి గెలవాలంటే సామర్థ్యం పెరగడమో, పలక ఖరీదు గోడకు సున్నం వేసినంత చౌక కావడమో జరగాలి. మొదటిది మిచిగన్ వైపు పోతోంది, రెండోది కడప వైపు. రెండూ ఒకే పదార్థంలో కలిసే రోజు ఇంకా రాలేదు. రాగి చుక్కలు ఎన్ని వందల గంటలు ఎండకు ఓర్చుకుంటాయి, నీళ్లలోకి కరిగిపోకుండా గొట్టాన్ని ఎంతకాలం అంటిపెట్టుకుంటాయి అన్నవి ఇప్పటికీ పరిశోధకులు కుస్తీ పడుతున్న ప్రశ్నలు.

ప్రభుత్వం ఏ దారి ఎంచుకుందో దాచేదేమీ లేదు. 2023 జనవరి 4న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌కు 19,744 కోట్లు కేటాయించారు, 2030 నాటికి ఏడాదికి 50 లక్షల టన్నుల లక్ష్యం పెట్టుకున్నారు. డబ్బులో సింహభాగం ఎలక్ట్రోలైజర్లకు, కరెంటుతో తీసే హైడ్రోజన్‌కు. 2025 జనవరి 8న విశాఖ దగ్గర పూడిమడకలో ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు ప్రధాని శంకుస్థాపన చేశారు, అంచనా పెట్టుబడి లక్షా 85 వేల కోట్లు. ఆ ఎలక్ట్రోలైజర్లకు కరెంటు కావాలి, కరెంటుకు ఎండ కావాలి, ఎండ ఉన్నది సీమలో. కోస్తాలో హైడ్రోజన్ తీయడానికి సీమ నుంచి కరెంటు తీగల మీద పోవాలా, లేక హైడ్రోజనే ఇక్కడ తీసి గొట్టాల్లో పంపాలా అన్న తగవు ఇంకా తేలలేదు. వచ్చే భాగం పూడిమడక.